సిరిసిల్లలో నేనడిగిన ప్రశ్న

మున్సిపల్ ఎన్నికల్లో తన స్వరూప చిన్నమ్మ ఓడిపోయిందని నా స్నేహితురాలు లావణ్య ఫోన్ చేసినప్పుడు నేను మా ఇంటి వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. వేళ్లు మండుతున్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను.

"కొద్దిలనే పోయిందే," అంది లావణ్య. "గా నాలా వాడకట్టు ఓట్లు పడితే గెలుస్తుండె. చిన్నాయిన మల్ల భివండి పోదామంటుండు."

మేం కలిసిన ముగ్గురు అభ్యర్థుల్లో మిగతా ఇద్దరూ గెలిచారని కూడా అదే ఫోనులో తెలిసింది. ఆ ఇద్దరూ మా ప్రశ్నలకు జవాబు చెప్పకుండా దాటేసినవాళ్లు. చెప్పిన మనిషి ఓడిపోయింది. అడిగింది నేను. ఈ ప్రయాణం గురించి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది అందుకే.

మాది సత్తుపల్లి దగ్గర పల్లె. లావణ్యా నేనూ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. వాళ్లది జగిత్యాల పక్కన సారంగాపూర్. మా కాలేజీ లైబ్రేరియన్ గారు ఒక చిన్న మాసపత్రిక నడుపుతారు. ఎండలు ముదురుతున్నాయి, వానలు నెల రోజులవి ఒక్క రోజులోనే కుమ్మరిస్తున్నాయి, మున్సిపల్ ఎన్నికల్లో కౌన్సిలర్లుగా నిలబడ్డవాళ్లు వీటి గురించి ఏమనుకుంటున్నారో కనుక్కుని రమ్మని మా ఇద్దర్నీ పంపారు. "లావణ్య అడుగుతుంది, నువ్వు రాయి," అన్నారు. నాకు కావలసిందీ అదే. చర్చిలో వాక్యం చదవమని పిలిస్తే స్తంభం వెనక్కి జరిగే మనిషిని నేను.

జగిత్యాల

లావణ్య వాళ్లమ్మ మాకు సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి కలిపి, గిన్నె లోపలి గోడకే అద్ది కాల్చింది. మా వైపు అట్టు పెనం మీద కాలుస్తాం, గిన్నెలో కాల్చడం నేనెప్పుడూ చూడలేదు. "తిను బిడ్డా, ఊకె సూస్తవేంది," అని ఆమె అంటుంటే ఆ 'బిడ్డా' నాకు కొత్తగా, హాయిగా ఉంది. మా ఇంట్లో నన్ను 'అమ్మాయ్' అంటారు.

బయల్దేరేముందు లావణ్య నాకొక జాగ్రత్త చెప్పింది. "వాతావరణ మార్పు అని పుస్తకంల మాట మాట్లాడకు. ఎవలూ పలుకరు. కాలం మారింది గద, ఏం జేస్తరు అని అడగాలె."

మేం వెళ్లిన అభ్యర్థి మామిడి తోటలు గుత్తకు పట్టే పెద్దమనిషి. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, చాయ్ డ్రమ్ము. ఆటోకు కట్టిన మైకులో ఆయన పేరు మీద కట్టిన పాట ఆగకుండా మోగుతోంది. లావణ్య ఎండల గురించి అడిగింది.

"ఎండకాలం ఎండ గొట్టకుంటె ఏం గొడ్తది బిడ్డా?" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "చలివేంద్రం పెట్టిస్త. ఒకటి గాదు, రెండు పెట్టిస్త. రాసుకో."

"చెట్లు, కాకా?"

"చెట్లు సుత పెడ్తం. పెట్టినంక బర్రెలు తింటె నన్నడగొద్దు."

మళ్లీ నవ్వులు. చాయ్ వచ్చింది. తాగుతూ ఆయన తన తోటల మాటెత్తాడు. గొంతు మారిపోయింది. మైకు పాట ఆపమని చేత్తో సైగ చేశాడు.

"ఈపాలి పూత రెండుమాట్ల అచ్చింది. ఒక కొమ్మకు పిందె ఉంటె పక్క కొమ్మకు పువ్వున్నది. తెల్లారంగ మంచు, పగటీలి మే నెల ఎండ. చెట్టుకు సుత సమజైత లేదు ఏ కాలమో. నేను ఇన్నేండ్లల్ల గిట్ల ఎన్నడు సూడలే."

"గదే గద కాకా మేమడిగేది!" అంది లావణ్య. "గీ ముచ్చటే మైకుల చెప్పరాదు?"

"గది తోట ముచ్చట బిడ్డా. గిది వార్డు ముచ్చట. వార్డుల మామిడిచెట్టు ఎవలికున్నది?" అని ఆయన లేచాడు. పాట మళ్లీ మొదలైంది.

వచ్చేటప్పుడు ఎవరో మా ఇద్దరి మెడల్లో కండువాలు వేసి ఫోటో తీశారు. మర్యాద చేస్తున్నారనుకున్నాను. సారంగాపూర్ చేరేసరికి ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద 'పార్టీలో చేరిన యువతులు' అని. "సదువుకొమ్మని పంపితె పార్టీల జేరినవా?" అని లావణ్య వాళ్ల నాయిన అరిచాడు. లావణ్య నవ్వి నవ్వి కూలబడింది. ఆ ఫోటోలో నేను మాత్రం ఎవరో తప్పిపోయిన పిల్లలా ఉన్నాను.

కోరుట్ల

కోరుట్ల బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని, దాన్ని చక్కగా మడిచి పర్సులో పెట్టుకుంది. పైసలు పెట్టి కొన్న టికెట్టునైనా నేనంత జాగ్రత్తగా దాచుకోను. దిగేటప్పుడు నా వైపు తిరిగి, "మీదే ఊరే? మాట్లాడవేంది?" అని అడిగింది. దారి పొడుగునా నాకేదైనా అడగాలనే ఉంది. అడిగే లోపు ఆమె దిగిపోయింది.

ఇక్కడ అభ్యర్థి ఒక బీడీలు చుట్టే ఆమె. వార్డు మహిళలకు వచ్చింది కాబట్టి ఆమెను నిలబెట్టారు. పోస్టరు మీద ఆమె ఫోటో కన్నా భర్త ఫోటో పెద్దది. ఆయన మస్కట్‌లో చాలా ఏళ్లు చేసి వచ్చాడు. ఇంట్లోకి రాగానే మా ముందు ఖర్జూరాల పళ్లెం పెట్టించాడు.

"మీరు చెప్పుండ్రి వదినా," అని లావణ్య ఆమెనే అడిగింది.

"ఆమెకు సుత నేనే చెప్పిన. నన్నే అడుగు," అన్నాడాయన. "ఎండ సంగతి నాకు తెలువదా? గాడ ఎండకాలం అచ్చిందంటె పగటీలి పని బంద్. సర్కారే బంద్ పెట్టిస్తది. కంపెనోడు చేపిస్తె జుర్మానా."

"మరి ఈడ సుత మోరీలు తీసేటోళ్లకు గట్లనే పెట్టియ్యరాదు?" అని మురుగుకాలువలు శుభ్రం చేసేవాళ్ల గురించి అడిగింది లావణ్య.

ఆయన ఖర్జూరం గింజ చేతిలోకి ఉమ్మి నవ్వాడు. "గాడ షేకున్నడు చెల్లె. ఈడ ఓటున్నది. మధ్యాహ్నం మోరీ నిండితె నా ఇంటి ముంగటికస్తరు, ఎండను అడుగుతరా?"

ఫోనొచ్చి ఆయన బయటికి వెళ్లాడు. అప్పుడామె తల ఎత్తకుండానే, తడిబట్టలో చుట్టిన ఆకు కట్ట నా వైపు జరిపింది. "ముట్టి సూడు. ఇప్పుడు మంచిగున్నది. ఎండ ముదిరిందంటె బట్టల ఉన్నా ఎండుతది, సుడుతుంటె చేతుల్నే పలుగుతది. తెల్లారక ముందే లేసి సుట్టుకుంటున్నం. మా అవ్వోళ్లు పగలంత కూసుండి సుడుతుండె."

"గిది మీటింగుల చెప్తరా?" అని లావణ్య అడిగింది.

"మైకు నా చేతికిస్తె గద," అని ఆమె నవ్వింది. భర్త లోపలికి వచ్చాడు. ఆమె మళ్లీ ఆకు కత్తిరించడంలో పడింది.

తిరుగు బస్సులో నాకు ఆ తోటల పెద్దమనిషి మీదా, ఈమె మీదా కోపమొచ్చింది. తెలిసి కూడా చెప్పరెందుకని. మాట దాచుకోవడం అంటే పిరికితనమే అనుకున్నాను అప్పుడు. నా మౌనం గురించి మాత్రం అలా ఎప్పుడూ అనుకోలేదు.

సిరిసిల్ల, సాంచాల మధ్య

సిరిసిల్లలో దిగాక ముందు చప్పుడు, తరువాతే ఊరు. కరెంటు మగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. సందులో అడుగుపెడితే రెండు వైపులా రేకుల షెడ్లలోంచి టకటకమని ఒకటే మోత. అందుకేనేమో ఇక్కడివాళ్లు మామూలు మాట కూడా గట్టిగా మాట్లాడతారు. నేను మాట్లాడితే "ఆఁ?" అని చెయ్యి చెవికి ఆనిస్తారు.

స్వరూప చిన్నమ్మ లావణ్య వాళ్లమ్మకు చెల్లెలు. మా వైపు పిన్ని అంటాం. లావణ్యతో పాటు నేనూ చిన్నమ్మా అనే పిలిచాను. సన్నటి మనిషి, చురుకైన చేతులు. భర్త సాంచాలు నడిపితే ఆమె నూలు కండెలు చుడుతుంది. షెడ్డులో ఫ్యాను లేదు. గాలికి పోగులు చిక్కుపడతాయని పెట్టుకోరట. రేకుల కింద ఎండాకాలంలో ఎలా ఉంటుందో ఆ చలికాలం చివర్లో కూడా నాకు అర్థమైంది.

ఆమె ఏ పార్టీ లేకుండా నిలబడింది, కత్తెర గుర్తు మీద. పోయిన వానాకాలం చెరువు నిండి మత్తడి దూకి, ఆ అలుగు నీళ్లు వాళ్ల షెడ్డులో మోటార్ల దాకా వచ్చాయి. మోటార్లు కాలిపోయాయి, నేసిన బట్ట మరకలు పడి సేటు వెనక్కి పంపాడు. ఇంకోసారి అలా జరిగితే సాంచాలు అమ్మేసి, మహారాష్ట్రలో మగ్గాల పని దొరికే భివండి పోదామని చిన్నాయిన అంటున్నాడు. ఆమె వెళ్లనంటోంది. గెలిస్తే నీళ్ల సంగతి తేల్చి ఇక్కడే ఉండొచ్చు. ఆమెకు ఈ ఎన్నిక అంటే అంతే.

ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరుగుతుంటే మేమూ వెంట వెళ్లాం. మా ఊళ్లో అభ్యర్థులు చేతులు జోడించి కాగితం ఇచ్చి పోతారు. ఇక్కడ ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటు అడుగుతారు. కుంకుమ బరిణె తెరిచి, ఉంగరం వేలు అద్ది, ఇంటామె నుదుట పెట్టి, "కత్తెర యాది మరువకు అక్కా," అంటుంది చిన్నమ్మ. పెట్టించుకున్న మనిషి మాటిచ్చినట్టే. నలుగురైదుగురికి పెట్టి, అదే ఊపులో నా వైపు తిరిగింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "మేం పెట్టుకోమండీ," అన్నాను. సాంచాల మోతలో ఆమెకు వినిపించలేదు.

"వాళ్లు చర్చికి వోతరు చిన్నమ్మా! పెట్టుకోరు!" అని లావణ్య సందంతా వినిపించేలా అరిచింది.

"అయ్యో, ఏమనుకోకు బిడ్డా," అని చిన్నమ్మ వేలు కొంగుకు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. పెట్టించుకోనందుకు కాదు, వెనక్కి అడుగు వేసినందుకు.

ఆ పూట వంటింట్లో ఆమె జొన్నరొట్టెలు కొడుతుంటే నేను పక్కన కూర్చున్నాను. లావణ్య బయట ఎవరితోనో మాట్లాడుతోంది. చిన్నమ్మ పిండి మీద చేతులు ఆడిస్తూనే చెప్పింది.

"మత్తడి దుంకిన నీళ్లు పోయే నాలా ఎనుకట ఎడ్లబండి పట్టేటంత ఉండె. ఇప్పుడు దాని మీద బండలేసి ఇండ్లు, షెడ్లు కట్టిన్రు. మా బావ షెడ్డు సుత దాని మీదనే. నీళ్లు యాడికి వోవాలె? మా ఇండ్లల్లకు అస్తయ్."

"మరి ఈ మాట చెబుతున్నారా ఓట్లడిగేటప్పుడు?"

"పిచ్చిదానివా? ముందుగాల చెప్తె నన్నెవలు గెలిపిస్తరు? గెలిచి, వాళ్లందరికి వేరే జాగ ఇప్పిచ్చి, గప్పుడు తీపిస్త. బావను నేను ఒప్పిస్త. మంచోడే. జర టైం గావాలె." రొట్టె పెనం మీద వేసి నా ముఖం చూసి నవ్వింది. "నువ్వు మాట్లాడవు గద. నీకు చెప్తె గోడకు చెప్పినట్టె."

తరువాత తనే అంది, "రేపు వాడకట్టు మీటింగుల నువ్వు గూడ ఒకటి అడుగు బిడ్డా. ఊకె గా లావణ్యనేనా? ఎండ గురించి అడుగు. షెడ్ల మీద సున్నమేపిస్త, లోపల సల్లగుంటది అని చెప్త." సరేనన్నాను. రొట్టెతో పాటు పచ్చిపులుసు పోసింది. ఇప్పటికీ ఆ పులుపు నాలుక మీద ఉంది.

మీటింగు

సందు మొగలో పట్టాలు పరిచి కూర్చోబెట్టారు. ముందు వరసలో చిన్నమ్మ బావగారు, ఆయన భార్య రాజేశ్వరి. చిన్నమ్మకు తోటికోడలు. నేను నా ప్రశ్నను మనసులో వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. ఎండల్లో షెడ్లు చల్లగా ఉండడానికి ఏం చేస్తారు. అంతే.

లావణ్యకు మా ఒప్పందం తెలియదు. లేచి, గలగలా అదే అడిగేసింది. చిన్నమ్మ సున్నం గురించి చెప్పింది. చప్పట్లు కొట్టారు. తరువాత ఆమె నన్ను చూసి, "ఇగో, గీ బిడ్డ సుత ఏదో అడుగుతది," అంది.

నేను లేచాను. నా ప్రశ్న అయిపోయింది. అందరూ చూస్తున్నారు. పక్క షెడ్డులో ఎవరో సాంచా ఆపలేదు. కూర్చుంటే అయిపోయేది. మెదడులో మరేదీ లేదు, వంటింటి మాటలు తప్ప.

"వానలకు నీళ్లు ఇళ్లల్లోకి రాకుండా ఏం చేస్తారు, చిన్నమ్మా?"

ఎంత గట్టిగా అన్నానంటే వెనక గోడ దగ్గరివాళ్లు కూడా తల తిప్పారు. మొదటిసారి నా గొంతు నలుగురికీ వినిపించింది. ఆ క్షణం నాకు సంతోషమేసింది. అదే నాకు ఎక్కువ బాధ ఇప్పుడు.

ప్రశ్నలో తప్పేమీ లేదు. ఎవరైనా అడిగేదే. "కొత్త మోరీ..." అని ఆమె మొదలుపెట్టింది. మోరీ కట్టిస్తానంటే చప్పట్లు కొట్టి లేచిపోయేవాళ్లు. కానీ ఆమె కళ్లు నా మీద పడ్డాయి. అసలు సంగతి నాకు తెలుసని ఆమెకు తెలుసు. మాట ఆగిపోయింది.

"మోరీ కడితె ఆగదు," అంది మెల్లగా. తరువాత అందరికీ వినబడేలా, "నాలా మీద కట్టినయ్ తీస్తెనే నీళ్లు పోతయ్. కాలం మారింది. ఎనుకటి వాన గాదు గిది. వాళ్లకు జాగ ఇప్పిచ్చినంకనే తీపిస్త. కని తియ్యాలె."

రాజేశ్వరి లేచి నిలబడింది.

"కత్తెర గుర్తు గందుకేనా తెచ్చుకున్నవ్ స్వరూపా? మా షెడ్డు కత్తిరిచ్చెతందుకా?"

"జాగ ఇచ్చినంకనే అంటున్న గదక్కా."

"జాగ నీ కొంగుల ఉన్నదా? మా బతుకు మీదికెంచి నీళ్లు పోవాల్నా?"

బావగారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనక వాడకట్టు లేచింది.

బరిణె పట్టుకుని

ఆ సాయంత్రం చిన్నమ్మ మళ్లీ బరిణె తీసుకుంది. "వద్దు చిన్నమ్మా," అంది లావణ్య. "పోకుంటె నేనే తప్పు ఒప్పుకున్నట్టు," అందామె.

కుంకుమ పెడతానంటే వద్దనడం ముత్తైదువకు కీడు అంటారు. కాబట్టి ఎవరూ వద్దనలేదు. మొదటింటామె గుమ్మం అవతలే నిలబడి, "బయటున్న స్వరూపా," అంది. నెలసరిలో ఉన్నానని, కుంకుమ ముట్టుకోకూడదని. సరేనని ముందుకు వెళ్లాం. రెండో ఇల్లు, "బయటున్న." మూడో ఇంట్లో కోడలు తలుపు సందులోంచి, "నేను సుత."

"వాడకట్టంత ఒక్కపాలే బయటున్నరా?" అని చిన్నమ్మ నవ్వడానికి చూసింది.

తరువాతి ఇంట్లో ఒక ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. చిన్నమ్మ వంగగానే ముఖం తిప్పుకుని, "బయటున్న బిడ్డా," అంది.

"నీకు మనుమని లగ్గం గూడ అయింది గద పెద్దమ్మా!"

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలామె నవ్వలేదు. కళ్లు దించుకుంది. ఆమెకు సిగ్గుగా ఉందని, అబద్ధమాడటం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. చిన్నమ్మ ఆమె భుజం తట్టి నడిచింది.

చివరగా రాజేశ్వరి ఇల్లు. ఆమె తలుపు పూర్తిగా తెరుచుకుని బయటికి వచ్చింది. "నేను బయట లేను. అబద్ధమాడ," అంది. నుదురు ముందుకు చాచింది. "కుంకుమను కాదంటె నాకే పాపం. పెట్టు. ఓటు మాత్రం అడగకు."

చిన్నమ్మ పెట్టింది. ఓటు అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్లు. రాజేశ్వరి కళ్లల్లో నీళ్లున్నాయి. ఆమె షెడ్డు కింద నాలా ఉన్న సంగతి ఆమెకు తెలియనిదేం కాదు. ఆ షెడ్డు పోతే ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మేం చర్చ చేస్తున్న కాలం మార్పు మొత్తం ఆ గుమ్మంలో ఇద్దరాడవాళ్ల మధ్య నిలబడిందనిపించింది నాకు.

తిరిగి వస్తుంటే చిన్నమ్మే అంది, "నీ తప్పేం లేదు బిడ్డా. అబద్ధం నోట్లెకు సగం దాక అచ్చింది. నిన్ను సూసి మింగిన." ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఆ ఓదార్పు ఇంకా మింగుడు పడలేదు. నేను అక్కడ లేకపోతే ఆమె హాయిగా మోరీ అనేసి, గెలిచి, తాను అనుకున్నట్టే నిదానంగా బావగారిని ఒప్పించేదేమో. ఒప్పించలేకపోయేదేమో కూడా. అది ఇక ఎవరికీ తెలియదు. వాన మాత్రం వస్తుంది.

బయల్దేరిన పొద్దు

పొద్దున్నే సాంచాలు మొదలయ్యాయి. చిన్నాయిన షెడ్డులోంచి తల బయటికి పెట్టి, "మంచిగ పోయి రాండ్రి," అన్నాడు. చిన్నమ్మ మా సంచిలో రొట్టెలు పెట్టి, గుమ్మం దాకా వచ్చింది. ఇంటి నుంచి వెళ్లే ఆడపిల్లకు బొట్టు పెట్టి పంపడం వాళ్ల ఆనవాయితీ. బరిణె తెరిచి లావణ్యకు పెట్టింది.

తరువాత నా వైపు తిరిగింది. నేను వెనక్కి జరగలేదు. నుదుటి మీది వెంట్రుకలు చేత్తో పైకి తోసుకుని నిలబడ్డాను. ఆ వాడకట్టులో నిన్న ఆమె వేలు ఎన్ని గుమ్మాల ముందు ఆగి వెనక్కి వచ్చిందో చూశాను. నా దగ్గర కూడా ఆగకూడదనుకున్నాను.

ఆమె వేలు నా ముఖం దాకా వచ్చి ఆగింది.

"మీరు పెట్టుకోరు గద బిడ్డా. యాదికున్నది నాకు," అంది, నవ్వుతూ.

పెట్టండి చిన్నమ్మా, అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. సాంచాల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. ఆమె వేలు కొంగుకు తుడుచుకుని, బరిణె మూత పెట్టేసింది.